ఫోన్ ఊహించింది.. అవ్వ పట్టేసింది!

గరుడ సేవ రాత్రి మా తమ్ముడు కొండ మీద మాడ వీధిలో ఉన్నాడు. కింద తిరుపతిలో, మంచం దిగలేని మా అవ్వ. టీవీలో లైవ్ వస్తున్నా ‘నా మనవడు చూపిస్తేనే చూస్తా’ అని పట్టుబట్టింది. వీడియో కాల్ కలిసింది. గరుడుడి మీద మలయప్ప సామి దగ్గరికొచ్చే సరికి బొమ్మంతా గళ్లు గళ్లుగా విరిగిపోయింది. లక్షల మంది జనం, అందరి చేతుల్లో ఫోన్లు, ఉన్నవేమో అవే టవర్లు!

ఎందుకిలా? వీడియో అంటే సెకనుకు దాదాపు 30 బొమ్మలు. అన్నీ పూర్తిగా పంపితే డేటా చాలదు. అందుకే 2003లో వచ్చిన హెచ్.264 లాంటి పద్ధతులు అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మను, మధ్యలో మార్పులను మాత్రమే పంపుతాయి. దారిలో ఒక ప్యాకెట్ పోయిందా, మళ్లీ పూర్తి బొమ్మ వచ్చేదాకా ఆ తప్పు పాకుతూనే ఉంటుంది. పోయిన ప్యాకెట్‌ని మళ్లీ అడగొచ్చు. కానీ లైవ్‌లో అది వచ్చేలోపు ఆ క్షణం దాటిపోతుంది. అప్పుడు ఫోన్ పాత బొమ్మలోని ముక్కను తెచ్చి ఖాళీలో అతికిస్తుంది.

డిష్ టీవీకి మళ్లీ అడిగే వీలే లేదు. అందుకే డీవీబీ-ఎస్ పద్ధతిలో ప్రతి 188 బైట్లకు 16 బైట్లు అదనంగా ముందే పంపుతారు. 8 బైట్ల దాకా చెడినా లెక్క కట్టి సరిచేసుకుంటుంది. 1960లో రీడ్, సోలమన్ కనిపెట్టిన లెక్క అది.

మన కాల్ రికార్డింగ్‌లో అలాంటి అదనం ఏదీ లేదు. అయినా నేను దాన్ని ఒక ఏఐ యాప్‌లో వేశా. తళతళలాడే వీడియో వచ్చింది. అవ్వ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ‘ఇది మన సామి కాదబ్బా. సహస్రనామ మాలలో కాసులేవీ? ఈ ముత్యాలు ఎక్కడివి?’

నిజమే. పోయిన బొమ్మను యాప్ వెతికి తేలేదు, కొత్తది గీసింది.

పొద్దున తమ్ముడు దిగొచ్చాడు. కాల్ తెగాక కెమెరాతో తీశాడంట. మధ్యలో చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. ఇప్పుడు ఆ ఫైల్ తెరుచుకోదు. కానీ సైజు మాత్రం నిండుగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంపీ4 ఫైల్‌కి ‘మూవ్’ అనే విషయసూచిక ఉంటుంది. సాధారణంగా రికార్డింగ్ ఆపినప్పుడే ఫోన్ దాన్ని రాస్తుంది. అంటే బొమ్మలున్నాయి, సూచిక లేదంతే! ‘అన్‌ట్రంక్’ అనే ఉచిత ప్రోగ్రామ్‌కి అదే ఫోన్‌తో, అదే సెట్టింగ్‌లో తీసిన మంచి వీడియో నమూనాగా ఇచ్చా. సూచిక మళ్లీ తయారైంది.

కాబట్టి ఫ్రెండ్స్, తెరుచుకోని వీడియోని తొందరపడి డిలీట్ చేయొద్దు. ముందు కాపీ తీసుకుని, ఆ కాపీ మీదే ప్రయత్నించండి. సిగ్నల్ సరిగా లేని చోట కాల్ కోసం కుస్తీ పట్టకుండా రికార్డ్ చేసుకోండి. తర్వాత డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గదు.

తమ్ముడి వీడియోలో చెయ్యి వణికింది, సగం జనం తలలే. అవ్వ మాత్రం రెండు చేతులూ జోడించింది.