గోధుమ లేదు, నెయ్యి లేదు... అరిసె ఉంది!

‘చిన్నమ్మమ్మా, ఇది నేను తినచ్చా?’

సంక్రాంతికి వచ్చిన తొమ్మిదేళ్ల పిల్ల అరిసె చేత్తో పట్టుకుని అడగాల్సిన ప్రశ్న కాదిది. ఉయ్యూరులో మా అక్కయ్య ఇంట్లో నాలుగు పండగలుగా వింటూనే ఉన్నాం. ఆవిడ కూతురి కూతురికి గోధుమ పడదు. కొడుకు కొడుక్కి పాలు పడవు. చుట్టూ చెరకు తోటలు, ఊళ్లో చక్కెర కర్మాగారం... పిల్లల నోట్లో తీపి ముక్క పెట్టడానికి మాత్రం భయం!

మొదటి ఏడాది ఇద్దరికీ వేరువేరు బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చి ఓ మూల కూర్చోబెట్టాం. మిగతా పిల్లలు బూరెలు తింటుంటే వీళ్లు చూస్తూ ఉన్నారు. అక్కయ్యకు కడుపు తరుక్కుపోయింది. ‘వచ్చే ఏడు అందరికీ ఒకే పళ్లెం’ అంది.

అంత కష్టమా అనుకున్నాం. ఆలోచించి చూస్తే మన పాత పిండివంటల్లో గోధుమ వాటా తక్కువే. అరిసెలకు బియ్యం, బూరెలకు బియ్యం, మినపప్పు, శనగపప్పు. చలిమిడి, ఉండ్రాళ్లు బియ్యమే. సున్నుండలకు మినుములు, చిమ్మిలికి నువ్వులు. దివిసీమ వైపు తాటిపండు గుజ్జులో బియ్యపు రవ్వ, బెల్లం కలిపి కాల్చే తాటిరొట్టెలో గోధుమా లేదు, పాలూ లేవు. చిక్కంతా మైదాతో చేసే బొబ్బట్లు, కాజాలు, కజ్జికాయలతోనూ, బొంబాయి రవ్వతోనూ. ఇడ్లీ రవ్వ బియ్యమే గానీ బొంబాయి రవ్వ అచ్చంగా గోధుమ. ‘రవ్వే కదా, గోధుమపిండి కాదుగా’ అనేవాళ్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. బందరు హల్వా సంగతి చెప్పనక్కర్లేదు, గోధుమ పాలే దాని ప్రాణం. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డు శనగపిండిదే అయినా నేతిలో మునిగి తేలినదాయె. అంటే ఒకటి పిల్లకు కుదరదు, రెండోది పిల్లాడికి కుదరదు.

మర దగ్గర దొరికిన దొంగ

రెండో ఏడు అరిసెలు వండాం. బియ్యం, బెల్లం, నువ్వులు, వేరుశనగ నూనె, అంతే. మర్నాటికి పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది, రెండు రోజులు విరేచనాలు. అరిసెల్లో గోధుమ ఎక్కణ్నుంచి వచ్చింది? బెల్లం మీద అనుమానపడ్డాం, నూనె మీద అనుమానపడ్డాం. చివరికి అక్కయ్యకే గుర్తొచ్చింది. పిండి మరలో మా బియ్యానికి ముందు ఎవరివో గోధుమలు పట్టారు! మరాయన తప్పేముంది? ఊరంతా అలాగే పట్టించుకుంటుంది. తొట్టిలో మిగిలిన పిండి మన డబ్బాలోకి వచ్చేస్తుంది.

ఈ జబ్బు పేరు సీలియాక్. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులో పడితే శరీరం తన చిన్నపేగు మీద తానే దాడి చేసుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలపు కరవులో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకలేదు. అప్పుడు ఈ జబ్బు పిల్లలు తేరుకోవడం డికె అనే పిల్లల డాక్టరు అనుమానాన్ని బలపరిచింది. గోధుమే కారణమని 1950లో ఆయన తన పరిశోధన వ్యాసంలో వివరించాడు. మన దేశంలో ఇది రొట్టెలు తినే ఉత్తరాదిన ఎక్కువ. 2016లో వెలువడిన అధ్యయనంలో ఉత్తరాదిన వందకు 1.23 మందిలో కనిపిస్తే దక్షిణాదిన 0.10 మందిలోనే కనిపించింది. అందుకే మన దగ్గర ‘గోధుమ పడకపోవడమేంటి, సోద్యం!’ అంటారు. గ్లూటెన్ లేదని చీటీ అంటించాలంటే కిలో పదార్థంలో అది 20 మిల్లీగ్రాములు మించకూడదు. మర తొట్టిలో అంటుకున్న పిండి ముందు ఆ లెక్క ఏపాటిది?

ఒక్క మాట. అనుమానం ఉందని ముందే గోధుమ మాన్పించకండి. తింటూ ఉండగా చేస్తేనే రక్తపరీక్షలో సరిగ్గా తెలుస్తుంది.

‘నెయ్యి పాలు కాదుగా!’

పిల్లాడి విషయంలో మా బావగారు అన్నమాటిది. ఆయనకూ పాలు తాగితే కడుపుబ్బరం, నెయ్యి మాత్రం హాయిగా అరుగుతుంది. ఆయనకు పడనిది పాలలోని చక్కెర. అది నేతిలో దాదాపు ఉండదు. మనవడికి పడనిది పాల మాంసకృత్తు. ఎంత కాచి వడగట్టినా నేతిలో దాని జాడలు మిగలొచ్చు. ఓసారి అరచెంచా నెయ్యి వేసిన పప్పన్నానికే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. చాలామంది పిల్లల్లో వయసుతోపాటు ఇది తగ్గుతుందట. తగ్గిందో లేదో డాక్టరు దగ్గరే తేల్చుకోవాలి, ఇంట్లో పరీక్షలు పెట్టకూడదు.

దాంతో మూడో ఏడు ఇల్లంతా సర్దాం. తడి బియ్యం ఇంట్లోనే మిక్సీలో పట్టి జల్లించాం. కిలో బియ్యానికి అది నడుంనొప్పి పనే. ఏళ్లుగా నెయ్యి తాగిన అరిసెల చెక్కలు పక్కన పెట్టి కొత్తవి కొన్నాం. పూరీలు వేయించిన నూనె ముట్టుకోలేదు. పొడి ఇంగువలో గోధుమపిండి కలుపుతారని కూడా అప్పుడే తెలిసింది, పులిహోరలో మానేశాం.

అక్కయ్య అరిసెల లెక్క ఇదీ: కిలో బియ్యం ముందు రాత్రి నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే పిండి చేయాలి. ముప్పావు కిలో బెల్లం పాకం పట్టి, చుక్క నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టగానే దించాలి. నేతికి బదులు రెండు చెంచాల కొబ్బరినూనె, యాలకుల పొడి, నువ్వులు వేసి, పట్టినంత పిండి కలపాలి. పాకం ముదిరితే అరిసె రాయవుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. ఇందులో కొత్తేమీ లేదు, మీ అమ్మగారూ ఇలాగే చేసి ఉంటారు.

బూరెల తోపు పిండి రెండు వంతుల బియ్యం, ఒక వంతు మినపప్పు. పూర్ణానికి పట్టుకోవాలని గుప్పెడు మైదా కలిపే అలవాటుంటే మానుకోవాలి, పిండి కాస్త గట్టిగా రుబ్బుకుంటే చాలు. చిమ్మిలికి నెయ్యే అక్కర్లేదు. వేయించిన నువ్వులు, బెల్లం రోట్లో దంచితే నువ్వుల నూనే ఉండ కట్టిస్తుంది. పరమాన్నంలో కొబ్బరిపాలు పొయ్యి కట్టేశాక పోయాలి, మరిగితే విరుగుతాయి. సున్నుండలు మాత్రం నెయ్యి లేకుండా మాకు కుదరలేదు. కొబ్బరినూనెతో చేస్తే ఉండ కట్టింది గానీ, పిల్లలే ‘వద్దు’ అన్నారు. బందరు హల్వాకు ప్రత్యామ్నాయం ఉందని అబద్ధం చెప్పను.

ఈ సంక్రాంతికి అరిసెల పళ్లెం వసారాలో పెట్టింది అక్కయ్య. పిల్ల అలవాటుగా అడిగింది, ‘తినచ్చా?’ అని. పిల్లాడు అప్పటికే రెండోది కొరుకుతున్నాడు. ఇక మాఘమాసంలో వీరమ్మతల్లి తిరునాళ్లకు మళ్లీ వస్తారు. జీళ్లు కొనిపెట్టమని ఇప్పుడే మాట తీసుకున్నారు. బెల్లం, నువ్వులే కదా అని ఊరుకోకుండా, చేసేచోట ఇంకేం వండుతున్నారో కనుక్కోవడానికి బావగారు బయల్దేరారు.