రోజుకు 8 సెంటీమీటర్లు, కొండ పైకి

సంక్రాంతి వెళ్లిన వారానికి డెన్వర్ నుంచి మా మేనల్లుడు ఒక వీడియో పంపాడు. తెల్లటి కొండవాలు. దాని నిండా ఎద్దు మూపురాల్లాంటి మిట్టలు, ఒక్కోటి నడుమెత్తు. వాటి మధ్యలోంచి ఒక మనిషి మోకాళ్లు రొమ్ముకు తగిలేంతగా ముడుచుకుంటూ, మళ్లీ సాగుతూ, నీళ్లు పారినట్టు కిందికి జారిపోయాడు.

"మామా, ఈ మిట్టలు ఎవరు పోసినారో చెప్పు చూద్దాం" అన్నాడు ఫోన్లో.

ప్రొక్లెయిన్ పెట్టి పోసుంటారన్నాను.

"ఎవరూ పోయలేదు మామా. జారేవాళ్ల కాళ్ల కింద అవే పుట్టినాయి. పైగా రోజూ కొంచెం కొంచెం కొండెక్కుతాయంట."

రాజుపాలెంలో ఉండేవాడికి మంచంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున శనగచేల మీద పరుచుకునే పొగమంచే. కాలికింద గట్టిపడే మంచు నేను తొక్కినవాడిని కాదు. అయినా ఆ చివరి మాట నన్ను వదల్లేదు. కిందికి జారే మనుషులు చేసిన మిట్ట పైకెలా పోతుంది? ఆ లెక్క పట్టుకుని పోతే, మంచి మిట్టల వాలు ఏది, చెడ్డది ఏది అన్న ప్రశ్నకూ జవాబు అందులోనే దొరికింది.

ఈ మిట్టలను ఇంగ్లీషులో మోగుల్స్ అంటారు. ఢిల్లీ మొఘలులతో ఏ సంబంధమూ లేదు. ఆస్ట్రియా కొండ ప్రాంతాల జర్మన్ యాసలో చిన్న గుట్టను ముగెల్ అంటారు, పేరు అక్కడిది. మావాడు వీడియో తీసిన చోటు కొలరాడో రాష్ట్రంలోని వింటర్ పార్క్. డెన్వర్ నుంచి సుమారు 110 కిలోమీటర్లు, అంటే దాదాపు ప్రొద్దుటూరు నుంచి కడపకు పోయి వచ్చినంత. 1928లో కొండను తొలిచి 10 కిలోమీటర్ల మోఫట్ రైలు సొరంగం వేశారు. దాని పడమటి మొనలో 1940లో స్కీయింగ్ కేంద్రం, అంటే కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని మంచు మీద జారే చోటు, మొదలైంది. 1975–76 చలికాలంలో పక్క కొండను కూడా తెరిచి మేరీ జేన్ అని పేరు పెట్టారు. మిట్టలంటే ఇష్టపడే స్కీయర్లు అమెరికాలో ముందుగా చెప్పే పేర్లలో అదొకటి.

పైకి పాకడం సంగతి తేల్చింది కూడా ఆ కొండ మీదే. డేవిడ్ బార్, టాడ్ ఫెఫర్, రేమండ్ బ్రౌనింగ్ అనే ముగ్గురు అక్కడ కెమెరా బిగించి, ఒకే వాలును చలికాలమంతా ఫొటోలు తీశారు. ఫెఫర్ హిమానీనదాల మీద పనిచేసే శాస్త్రవేత్త. మెల్లగా కదిలే మంచును ఓపికగా చూడడం ఆయన వృత్తి. 2009 నవంబరులో ఫిజిక్స్ టుడే పత్రికలో లెక్క ప్రకటించారు. మిట్టలు రోజుకు సుమారు 8 సెంటీమీటర్ల చొప్పున, సీజను మొత్తం మీద 10 మీటర్ల దాకా, కొండ పైకి జరిగాయి.

స్కీయరు మిట్టను చుట్టి దిగుతాడు. వేగం తగ్గించుకోవాలంటే స్కీల అంచును మంచులోకి నొక్కి అడ్డం తిప్పాలి. ఆ నొక్కుడు పడేది మిట్టకు దిగువ చెంప మీద. అక్కడ గీకిన మంచు జారి, కింద ఉన్న మిట్ట ఎగువ చెంప మీద పడుతుంది. ప్రతి మిట్టా తన దిగువ వైపు కోల్పోతుంది, ఎగువ వైపు పొందుతుంది. మంచు కిందికే పోతోంది, ఆకారం మాత్రం పైకి జరుగుతోంది.

ఇది మంచుకే పరిమితమైన వింత కాదు. పెన్నా ఇసుకలో నీళ్లు నిదానంగా పారితే ఇసుక అలలు ప్రవాహం వెంటే దిగువకు కదులుతాయి. పలచటి నీళ్లు బాగా వడిగా పారే చోట కథ తిరగబడుతుంది. అల దిగువ ముఖం కోసుకుపోయి, ఆ ఇసుక తర్వాతి అల ఎగువ ముఖం మీద పేరుకుంటుంది. నీళ్లు దిగువకు, ఇసుక అలలు ఎగువకు. చిన్నప్పుడు వాన వెలిసిన తర్వాత వంకలో దిగి, పాదాల కింద ఇసుక కదిలిపోతుంటే నిలబడినవాళ్లకు ఈ తిరుగుడు కాళ్లకే తెలుసు. మన గరుసు రోడ్ల మీద రేకుల కప్పులా ఏర్పడే అలలు కూడా ఈ వంశమే. వాటి మీద 2007లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో ఒక పరిశోధన వచ్చింది. గుండ్రంగా తిరిగే ఇసుక పళ్లెం మీద చక్రం నడిపి చూశారు. ఒక వేగం దాటేదాకా ఇసుక చదునుగానే ఉంది, దాటగానే అలలు లేచాయి. బండికి స్ప్రింగులు లేకపోయినా లేచాయి. రోడ్డు అలలు బండి పోయే దిక్కుకు జరిగితే, మంచు మిట్టలు మనిషి పోయే దిక్కుకు ఎదురు నడుస్తాయి.

ఆ 8 సెంటీమీటర్ల వెనక ఎంత శ్రమ ఉందో నేను ఒక ఉరామరిక లెక్క వేశాను. మిట్ట మీటరు ఎత్తు, అడుగున మూడున్నర మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు అనుకుందాం. కొత్తగా పడ్డ మంచు ఘనమీటరుకు 50 నుంచి 100 కిలోలే తూగుతుంది. తొక్కుడు పడి గట్టిబడితే 400 కిలోల దాకా వస్తుంది. ఆ చొప్పున ఒక్కో మిట్ట ఒకటిన్నర టన్ను దరిదాపుల్లో ఉంటుంది. అది 8 సెంటీమీటర్లు జరగాలంటే దిగువ చెంప నుంచి రోజుకు దాదాపు 50 కిలోల మంచు ఊడి కిందికి పోవాలి. ఒక డీఏపీ బస్తా బరువు. రోజుకు 500 మంది ఆ మిట్టను చుట్టారనుకుంటే ఒక్కొక్కరి వంతు 100 గ్రాములు, గుప్పెడు.

మంచి మిట్టల వాలు అంటే గుప్పెళ్ల లెక్క సరిగ్గా పడ్డ వాలు అని నాకు అర్థమైంది అప్పుడే. ఐదొందల మందీ గుప్పెడు మంచును దాదాపు ఒకే చోట తీసి ఒకే చోట వేస్తే మిట్ట గుండ్రంగా, నునుపుగా నిలుస్తుంది. తలా ఒక చోట గీకితే కుదరదు. స్కీయింగ్ కేంద్రాల ప్రచార పత్రాల్లో వాలు ఎంత పొడుగు, ఎంత నిటారు అని రాస్తారు గానీ, దాని మీద ఎవరు జారుతున్నారు అన్నది రాయరు. అసలు కొలత అదే.

నేర్పున్నవాడు ప్రతి మిట్ట దగ్గరా ఒక మలుపు తీసుకుంటాడు, ఎడమ, కుడి, ఎడమ, కుడి. వెనక వచ్చేవాడూ ఆ గాడినే పట్టుకుంటాడు. మిట్టల మధ్య దూరం మనిషి మలుపుకు సరిపడా తనంతట తానే కుదురుకుంటుంది. ఇంకా నేర్చుకుంటున్నవాడు భయంతో వాలుకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు జారతాడు. ఆ అడ్డగీతలు మిట్టల నడుములు కోస్తాయి. దిగువ చెంప గోడలా తెగిపోతుంది, పల్లంలో మంచు గీకుడుపోయి గాజులా మెరిసే గడ్డ తేలుతుంది. అందులో అతని తప్పేమీ లేదు, నేర్చుకునే ప్రతివాడూ అలాగే దిగుతాడు. అతనికి వేరే వాలు చూపించడం కేంద్రం పని. మేరీ జేన్‌కు కొండ కింద వేరే ప్రవేశం, జనాన్ని పైకి చేర్చే వేరే లిఫ్టులు ఉండడం ఆ కొండకు కలిసొచ్చిందని నా అభిప్రాయం. మిట్టలు కోరుకునేవాళ్లే పనిగట్టుకుని అక్కడికి చేరతారు, రోజంతా అక్కడే తిరుగుతారు.

నేల సంగతి కూడా ఉంది. పోటీలకు అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన కొలతలు చూస్తే మంచి వాలు ఎలా ఉండాలో తెలుస్తుంది: పొడవు 235 మీటర్లు, అటూ ఇటూ 35, వాలు సగటున 28 డిగ్రీలు, అటూ ఇటూ 4, మిట్టకూ మిట్టకూ మధ్య మూడున్నర మీటర్లు. 28 డిగ్రీలంటే అడ్డంగా 100 మీటర్లు పోయేసరికి 53 మీటర్లు దిగడం. మన ఘాట్ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మామూలుగా ఒప్పుకునేది 100 మీటర్లకు 5, 6 మీటర్లే. గువ్వలచెరువు ఘాట్‌లో లారీ మొదటి గేరులో మూలిగిన చప్పుడు విన్నవాళ్లు దానికి తొమ్మిదింతల వాలును ఊహించుకోవచ్చు. 235 మీటర్ల వాలు మొత్తం దిగితే నిలువున 110 మీటర్లు. గండికోట అంచున నిలబడి పెన్నాను చూస్తే కనిపించే లోతు 300 అడుగులని చెబుతారు. ఇది అంతకన్నా ఎక్కువ. పోటీలో దీన్ని దాదాపు పాతిక సెకన్లలో దిగేస్తారు, సెకనుకు రెండు మూడు మిట్టల చొప్పున.

వాలు మరీ తక్కువైతే ఎవరూ బ్రేకు వేయరు. గీకుడు లేనిదే మిట్ట లేదు. మరీ ఎక్కువైతే గీకిన మంచు నిలవకుండా కిందికి కొట్టుకుపోతుంది. మధ్యలో ఉన్నా సరిపోదు, పక్కవాటం ఉండకూడదు. వాలు నెత్తిన నిమ్మకాయ వదిలితే అది ఎటు దొర్లుతుందో, దారి కూడా అటే సాగాలి. నిమ్మకాయ పక్కనున్న చెట్లలోకి దొర్లేలా ఉంటే జనమంతా ఆ పక్కకే నెట్టుకుపోతారు. ఒక వైపు గోతులు, ఇంకో వైపు బోడి నేల మిగులుతాయి.

ఇక మంచు. ఉత్తరం చూసే వాలు మీద ఎండ తక్కువ, మంచు పొడిగా మెత్తగా నిలుస్తుంది. దక్షిణం చూసే వాలు పగలు కరిగి రాత్రి గడ్డకడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో అలాంటి చోట పొద్దున్నే దిగితే మోకాళ్లకు దెబ్బే. పదకొండు గంటలకు పైపొర రవ్వలా వదులవుతుంది. అప్పటినుంచి మధ్యాహ్నం దాకా అదే వాలు వెన్నలా ఉంటుంది. డెన్వర్ చుట్టుపక్కల ఊళ్లలో ఉంటూ వారాంతాల్లో కొండకు పోయే మన పిల్లలకు నా మాట ఒక్కటే. ముందు లిఫ్టు ఎక్కి, పైనుంచి ఆ వాలును ఒకసారి నిదానంగా చూడండి. మిట్టలు గుండ్రంగా ఉన్నాయా, తెగి గోడల్లా ఉన్నాయా? గాడులు పైనుంచి కిందిదాకా తెగకుండా వస్తున్నాయా? పల్లాలు తెల్లగా ఉన్నాయా, నీలంగా మెరుస్తున్నాయా? నీలంగా ఉంటే అక్కడ గడ్డ తేలినట్టే.

రాత్రిళ్లు వాలును చదును చేసే యంత్రాలు దాదాపు ప్రతి కేంద్రంలోనూ ఉంటాయి. మిట్టల వాలు విషయంలో వాటి డ్రైవరుకు తెలియాల్సింది ఎప్పుడు పోకూడదన్నదే. పల్లాల్లో మట్టి తేలినప్పుడు ఒకసారి చదును చేసి, మళ్లీ మంచు పడేదాకా జనానికి వదిలేయాలి. కొన్నిచోట్ల వాలును నిలువునా రెండుగా పంచి ఒక సగం చదును చేస్తారు, ఒక సగం వదిలేస్తారు. నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది. మిట్టల్లో అలసిపోయినవాడు పక్కకు తప్పుకుని నెమ్మదిగా దిగిపోవచ్చు.

పోటీల మిట్టలు వేరు. వాటిని యంత్రంతో కొలిచి పోసి, పారలతో చెక్కి, స్కీయర్లను దింపి గాడి పెడతారు. ఈ మిట్టల ఆట 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో ప్రదర్శనగా వచ్చి, 1992 ఆల్బర్‌విల్‌లో పతకాల పోటీ అయింది. ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్గార్ గ్రోస్పిరాన్, అమెరికాకు చెందిన డోనా వైన్‌బ్రెక్ట్ మొదటి బంగారు పతకాలు గెలిచారు. మార్కుల్లో నూటికి 60 మలుపులకే, గాల్లో చేసే విన్యాసానికి 20, వేగానికి 20. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేది గాల్లో పల్టీకి. న్యాయనిర్ణేతలు ఎక్కువ మార్కులు ఇచ్చేది మిట్టను చుట్టిన తీరుకు.

మావాడికి ఒక పని అప్పజెప్పాను. ప్రతి శనివారం అదే లిఫ్టు మీద నుంచి, అదే పైన్ చెట్టు వరుసలోకి వచ్చినప్పుడు, ఒక మిట్టను ఫొటో తీసి పంపమన్నాను. వారానికి 56 సెంటీమీటర్లు, నాలుగు వారాలకు రెండు మీటర్ల పైన తేడా కనిపించాలి. మొదటి ఫొటోలో మిట్ట శిఖరం చెట్టు మొదలుకు బారెడు కింద ఉంది. ఐదో ఫొటోలో చెట్టును దాటి పైకి పోయింది. "ఐదొందల మంది కిందికి తోస్తే అది పైకి పోయింది చూడు మామా" అని రాశాడు కింద. ఆరో శనివారం పెద్ద మంచు పడి అంతా తెల్లటి దుప్పటి అయిపోయింది. మధ్యాహ్నం మూడింటికి ఇంకో ఫొటో వచ్చింది. ఆ దుప్పటి మీద అప్పుడే చిన్న చిన్న బుడిపెలు లేస్తున్నాయి.