తిమ్మమ్మ మాను, ఎర్రజుట్టు పిల్లోడు

“దయ్యాలేంది సామీ, ఆడుండేది అమ్మ. దయ్యాలు కావాలంటే మా వంక కాడ చింతమాను ఉంది, పొద్దు మునిగినాంక పో.”

తనకల్లు మండలం కొక్కంటి క్రాస్‌లో బొరుగులు, ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముకునే అవ్వ అన్న మాట ఇది. తిమ్మమ్మ మర్రిమాను దగ్గర రాత్రిపూట ఏమైనా తిరుగుతాయా అని అడిగాను నేను. ఆ అడిగిన తీరు ఆమెకు నచ్చలేదని గొంతులోనే తెలిసిపోయింది. పొట్లం కట్టి చేతిలో పెట్టి, చిల్లర లెక్కపెట్టేటప్పుడు కొంచెం మెత్తబడింది. “ఆ చింతమానుకు ఇంకా ఎవురూ టెంకాయ కొట్టల్యా. అందుకే అట్లుంది” అంది.

జపాన్‌లో ఈ మాటే చెప్పడానికి ఒక పండితుడికి పుస్తకాలు పట్టాయి. ఆ సంగతి తర్వాత.

తనకల్లు 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. కదిరి నుంచి మదనపల్లె పోయే రోడ్డు మీద ఉన్న మండలం. అటు కన్నడదేశం ఎంతో దూరం లేదు. గుట్టలు, చెనిక్కాయ చేలు, బోర్ల కింద టమోటా. నంది కొండల్లో పుట్టిన పాపాగ్ని ఇటుగానే పోయి పెన్నలో కలుస్తుంది. పోతుంది అనడం మర్యాద కోసం. ఏట్లో ఇసుక కనబడే రోజులే ఎక్కువ. జపాన్ ఏర్లలో కప్ప అనే జీవి ఉంటుందట. మన కప్ప కాదు. చిన్నపిల్లాడంత ఒళ్ళు, వీపున తాబేలు డొప్ప, నడినెత్తిన గుంట, గుంటలో నీళ్ళు. ఆ నీళ్ళు ఒలికితే దాని సత్తువంతా పోతుంది. అందుకని ఎదురైనవాడు నడుం వంచి నమస్కారం పెడతాడు. మర్యాద తెలిసిన జీవి కనక అదీ తిరిగి వంగుతుంది, నీళ్ళు కారిపోతాయి. దోసకాయలంటే దానికి ప్రాణం. పాపాగ్నిలో వదిలితే వారం తిరక్కుండా వలసపోయి, ఏ బెంగళూరులోనో కూలిపని వెతుక్కుంటుంది.

నీళ్ళు లేకపోయినా మా వైపు కనబడనివాళ్ళకు కొదవ లేదు. వంకల దగ్గర, ఊటబావుల దగ్గర అక్కమ్మగార్లు. ఏడుగురు అక్కచెల్లెళ్ళు. గుడి ఉండదు, వరసగా ఏడు రాళ్ళు, పసుపు, గాజులు. పొలిమేరలో మునీశ్వరుడు. శ్మశానం దిక్కున నిప్పు ఊపుకుంటూ పోయే కొరివిదయ్యం. దీనికి జపాన్‌లో అచ్చంగా తోబుట్టువులే ఉన్నాయి. కొండవాలున వరసగా వెలిగి ఆరే దీపాలను అక్కడ ‘నక్క మంట’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. వీటన్నిటి కంటే మా ఇళ్ళలో ఎక్కువ వాడకంలో ఉన్నది ఏ పేరూ లేనిది. ‘గాలి సోకింది’ అంటారు, అంతే. ఏ గాలి, ఎవరి గాలి అని అడగరు. కోడికూర క్యారియర్‌లో పెట్టి పక్క ఊరికి పంపేటప్పుడు మూత పెట్టేముందు మా అమ్మ పైన ఒక బొగ్గుముక్క వేసేది. అన్నం మీద నల్లటి మచ్చ పడేది. ఎందుకే అంటే “గాలి తగలకుండా” అనేది. ఆ బొగ్గుకూ ఆ గాలికీ ఏం ఒప్పందమో ఇప్పటికీ నాకు తెలియదు. నేనూ వేస్తాను.

జపాన్ వాళ్ళది వేరే పద్ధతి. కనబడనిదానికి పేరు పెట్టి, బొమ్మ గీసి, పుస్తకం వేస్తారు. ఇలాంటివాటన్నిటికీ కలిపి వాళ్ళ మాట యోకాయ్. తొరియామా సెకియెన్ అనే చిత్రకారుడు 1776లో అచ్చేసిన పుస్తకంలో పేజీకొక యోకాయ్‌ని కూర్చోబెట్టాడు. మొదటి బొమ్మే చెట్టుది. ముదిరిన మాను, దాని పక్కన ముసలి మొగుడూపెళ్ళాలు. వాళ్ళు మనుషులు కారు, ఆ మాను ప్రాణం. పేరు కొదమ. నూరేళ్ళు దాటిన చెట్టుకు ఆత్మ వస్తుందని, అది ఇలా రూపం కడుతుందని నమ్మకం. కొండల్లో మనం కేకేస్తే వచ్చే మారుపలుకునూ కొదమ అనే అంటారు, చెట్టు బదులిస్తోందని. ఆ పేరుతో బుల్లెట్ రైలు కూడా నడుపుతున్నారు. మనకు సెకియెన్ లేడు గానీ చందమామలో శంకర్ ఉండేవాడు. భుజాన శవంతో, చేతిలో కత్తితో విక్రమార్కుడు నడిచే ఆ ఒక్క బొమ్మ చూసి చెట్లకు భయపడటం నేర్చుకున్న తరం మాది.

కొక్కంటి క్రాస్ నుంచి పక్కకు తిరిగితే గూటిబయలు. పక్క మండలం, నంబులపూలకుంట. సౌర విద్యుత్తు పలకలు ఎకరాలకెకరాలు పరుచుకున్న మండలం కూడా అదే. వాటిని చూసి వచ్చిన కళ్ళతో మాను కిందికి అడుగుపెడితే ఒక్కసారిగా సాయంత్రమైనట్టు ఉంటుంది. చెట్టు కిందికి వచ్చామని అనిపించదు, ఏదో ఊళ్ళోకి వచ్చామనిపిస్తుంది. ఊడలే స్తంభాలు, వాటి మధ్య సందులు. పైనున్న కప్పు 19,107 చదరపు మీటర్లు, అంటే దాదాపు అయిదెకరాలు. బెంగళూరుకు చెందిన పాత్రికేయుడు, ఫొటోగ్రాఫర్ రిగ్రెట్ అయ్యర్ దీన్ని లోకానికి చూపించాడు. 1989లో ప్రపంచంలోకెల్లా పెద్ద మర్రి అని గిన్నిస్ పుస్తకానికెక్కింది.

నాకు మాత్రం ఆ అంకెలకంటే ఒక వెదురుబొంగు బాగా గుర్తుండిపోయింది. కొమ్మ నుంచి దిగే లేత ఊడ దారం పోగుల జడలా ఉంటుంది, కొస లేత గోధుమరంగు, పట్టుకుంటే తడి. గాలికి ఊగుతూ ఎండిపోకుండా దాన్ని మట్టి నింపిన వెదురుబొంగులోకి దింపుతారు. అది ఆ చీకట్లోనే వేళ్ళు పట్టి, నేలకు తాకి, తర్వాత స్తంభమై పై కొమ్మ బరువు మోస్తుంది. బరువైన కొమ్మలకు కింద ఆసరా కూడా పెడతారు. ముసలాయన చంకలో చెయ్యేసి నడిపించినట్టే. మూలపు మొదలు ఏదో, ఊడ ఏదో ఇప్పుడు చెప్పడం కష్టం. మర్రికి తల్లి పోయినా సంసారం ఆగదు.

ఈ మాను ఎక్కడి నుంచి వచ్చిందో ఊరివాళ్ళ దగ్గర లెక్క ఉంది. తిమ్మమ్మ 1394లో పుట్టిందని, భర్త బాలవీరయ్య 1434లో చనిపోతే ఆయన చితి ఎక్కిందని, ఆ చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగురేసి ఇంతైందని చెబుతారు. మాను కింద చిన్న గుడి. శివరాత్రికి జాతర. పిల్లలు లేనివాళ్ళు మొక్కుకుంటే ఏడాది తిరిగేసరికి ఒడి నిండుతుందని నమ్మకం. ఆకు తెంపకూడదు. పొద్దు మునిగాక పక్షి కూడా ఈ మాను మీద ఉండదని గట్టిగా చెబుతారు. పక్షి శాస్త్రం తెలిసినవాళ్ళు దీనికేమంటారో గానీ, ఏ పిట్ట తిని వేసిన విత్తనంతోనో మొలిచే జాతి మర్రి. ఆ పిట్టకే ఇంట్లో చోటు లేదనడం నాకు కాస్త అన్యాయంగా తోచింది.

జపాన్ దక్షిణాన ఒకినావా దీవుల్లో మర్రి జాతిదే గజుమరు అనే చెట్టు. ఊడలు దించుతుంది. దాంట్లో కిజిమునా ఉంటాడు. చిన్నపిల్లాడంతే, జుట్టు మాత్రం ఎర్రగా రేగిపోయి ఉంటుంది. మనుషులతో స్నేహం చేస్తాడు, చేపల వేటకు తోడొస్తాడు. పడిన చేపల్లో కంటిగుడ్డు మాత్రం తాను తినేసి మిగతాది మనకే వదిలేస్తాడు. ఆక్టోపస్ చూపిస్తే పరుగో పరుగు. తనుండే చెట్టును కాల్చినా నరికినా పగ పడతాడు. అక్కడి పిల్లలకు ఈ ఎర్రజుట్టువాడు ఆటబొమ్మ.

అదే జాతి చెట్టు, అవే ఊడలు. అక్కడ చేపకళ్ళు నమిలే అల్లరి పిల్లాడు కూర్చున్నాడు. ఇక్కడ కాలిపోయిన ఆడమనిషి కూర్చుంది. గూటిబయలులో గుడి ముందు నిలబడినప్పుడల్లా ఈ తేడా నాకు మింగుడు పడదు. సతిని కీర్తించడం కూడా నేరమేనని 1987 నాటి చట్టం చెబుతోంది. ఆ తర్వాత రెండేళ్ళకే మాను గిన్నిస్‌కెక్కింది, మానుతోపాటు కథా ఎక్కింది. కథ చెప్పేవాళ్ళెవరూ చితి దగ్గర ఆగరు. మంటను ఒక్క వాక్యంలో దాటేసి చిగురు దగ్గరికి వచ్చేస్తారు. ఆ మంటలో ఆమె ఏమనుకుందో ఎవరి కథలోనూ లేదు.

తెలుగులో దీనికి ఒక మాట ఉంది, పేరంటాలు. పేరంటానికి పిలిస్తే వచ్చి పసుపు రాయించుకుని, తాంబూలం పట్టుకుపోయే ముత్తయిదువ పేరంటాలే. చితి ఎక్కిన ఆమే పేరంటాలే. ఊరూరా పేరంటాలమ్మ గుడులు అలా లేచినవే. మంటను పసుపుకుంకాల్లో దాచేసిన మాట ఇది. పిలిచి, పీట వేసి, బొట్టు పెడితే ఎంత కోపమున్న మనిషైనా కసురుకోదు కదా. చచ్చినవాళ్ళతో కూడా మనవాళ్ళు ఆ ఉపాయమే చేశారు.

జపాన్ వాళ్ళూ ఇదే చేశారు, ఇంకా బాహాటంగా. సుగవరా నో మిచిజానె అనే పండితుడు రాజాస్థానంలో చాడీలకు బలై, దూరప్రాంతానికి వెళ్ళగొట్టబడి 903లో చనిపోయాడు. తర్వాత అంతఃపురంలో చావులు, 930లో రాజభవనం మీద పిడుగు. ఇదంతా ఆయన పగేనని హడలిపోయి, పోగొట్టిన పదవులు చచ్చిన మనిషికి తిరిగిచ్చారు. క్యోటోలో 947లో కితానో గుడి కట్టారు. నిన్నటి పిశాచం ఇవాళ చదువుల దేవుడు. పరీక్షల కాలంలో పిల్లలు ఆయన దగ్గర క్యూ కడతారు.

పూజలు ఆగిపోయిన పాత దేవుళ్ళే దిగజారి యోకాయ్‌లయ్యారని జానపద పండితుడు యనగిత కునియో అన్నాడు. ఆయన తర్వాత వచ్చిన కొమత్సు కజుహికో ఒప్పుకోలేదు. దిగడమేం లేదు, రెండు వైపులా రాకపోకలున్నాయన్నాడు. పూజ అందుకుంటే దేవుడు, అందకపోతే యోకాయ్ అని తేల్చాడు. ఎవురూ టెంకాయ కొట్టల్యా అని బొరుగులు కొలుస్తూ అవ్వ అన్నదీ ఇదే.

టెంకాయ కొట్టడానికి వీల్లేనివాటిని ఏం చేయాలి? దానికీ ఉపాయముంది, మాటతో మోసం చేయాలి. మా చిన్నప్పుడు, 1990ల మొదట్లో, ఊళ్ళో తలుపులన్నిటి మీదా ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాశారు. రాత్రి ఎవరో ఆడమనిషి తెలిసిన గొంతుతో తలుపు తట్టి పిలుస్తుందని, పలికితే చస్తారని పుకారు. గోడ మీద ఆ మాట చదివి వెనక్కి పోతుందట, మర్నాడొచ్చి మళ్ళీ అదే చదువుతుందట. మా తలుపు మీద బొగ్గుతో రాసింది నేనే, ‘స్త్రీ’ కింద రావత్తు మరిచిపోయి అన్న చేత మొట్టికాయ తిన్నాను. దయ్యానికి తప్పులు కనబడతాయని వాడి భయం. సరిహద్దు దాటితే కన్నడంలో ‘నాళె బా’. ఊళ్ళో సగం మంది వేలిముద్ర వేసే రోజుల్లో దయ్యం రెండు భాషలు చదివేది.

జపాన్‌లో 1979లో ఇలాంటి గాలే దేశమంతా తిరిగింది. మూతికి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి బడి నుంచి వచ్చే పిల్లల్ని ఆపి, నేను అందంగా ఉన్నానా అని అడుగుతుందట. గుడ్డ తీస్తే నోరు చెవుల దాకా చీరి ఉంటుంది. అవునన్నా చావే, కాదన్నా చావే. పిల్లలు గుంపులుగా ఇళ్ళకు పోయేవారు. తప్పించుకునే దారి కూడా పిల్లలే కనిపెట్టారు. ‘ఏదో, పరవాలేదు’ అనాలి. అది విని ఆమె ఆలోచనలో పడుతుంది, ఆ సందులో పరుగెత్తాలి. రేపు రా, పరవాలేదు. రెండూ ప్రభుత్వాఫీసు గుమాస్తా మాటల్లా లేవూ?

నవ్వేవాళ్ళు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ఇనోఉయె ఎన్‌ర్యో అనే తత్త్వవేత్త పందొమ్మిదో శతాబ్దం చివర్లో యోకాయ్‌ల గుట్టు విప్పుతూ దేశమంతా తిరిగాడు, జనం ఆయన్నే యోకాయ్ డాక్టర్ అన్నారు. మా వైపు ఆ పని వేమన చేశాడు. ఆయన సమాధి కూడా ఈ చుట్టుపక్కలే, గాండ్లపెంట మండలం కటారుపల్లిలో. రాళ్ళకు మొక్కేవాళ్ళను జీవితమంతా ఎత్తిపొడిచిన మనిషికి ఇప్పుడు అక్కడ టెంకాయలు కొడుతున్నారు.

మాను నుంచి తిరిగొచ్చేసరికి ఎండ వాలింది. అవ్వ చెప్పిన వంక చూడాలనిపించి బండి అటు తిప్పాను. చింతమాను పెద్దదే, వంక గట్టున ఒంటరిగా ఉంది, మొదట్లో మనిషి దూరేంత తొర్ర. చుట్టూ సారా ప్యాకెట్లు, తెగిన చెప్పు. ఎవరు చచ్చారు, ఎందుకు చచ్చారు అని అడగడానికి దగ్గర్లో ఎవరూ లేరు. గొర్రెలు తోలుకుపోతున్న పిల్లాడొకడు నన్ను చూసి, “ఆడ నిలబడద్దు అన్నా, గాలి” అని కేకేసి గట్టు అవతలికి తప్పుకున్నాడు. ఆ కేకకు వంక అవతలి గుట్ట బదులిచ్చింది.

బండి స్టార్ట్ చేస్తూ కిందికి చూశాను. తొర్ర పక్కన, వేరుకు ఆనించి, గుప్పెడంత రాయి. దానికి మూడు వేళ్ళతో పూసిన పసుపు. ఇంకా తడి ఆరలేదు.