శనివారం నేర్చింది బుధవారానికి మాయం

హారిస్‌డేల్ వచ్చాక ఈ వయసులో గోల్ఫ్ మొదలుపెట్టాను. శనివారం పాఠం అయ్యేసరికి బంతి గీత గీసినట్టు వెళ్తుంది. బుధవారానికి మళ్లీ చెరువులోకే! ఫీజు సంగతి అటుంచండి, మనవడితో కలిసి ఈ ఏడాదైనా తొమ్మిది గుంతలు ఆడాలని నా ఆశ. వాడు పెద్దవాడైతే తాతతో ఎందుకు వస్తాడు?

మన ఫిజీ లౌతోకాలో పుట్టిన విజయ్ సింగ్ 2004లో తొమ్మిది టోర్నీలు గెలిచి, టైగర్ వుడ్స్‌ను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరాడు. గంటల తరబడి బంతులు కొట్టే సాధనకు ఆయన పెట్టింది పేరు. మనకంత ఓపిక ఎక్కడిది? పైగా తప్పుడు స్వింగ్‌తో వంద బంతులు కొడితే గట్టిపడేది తప్పే.

అందుకే పాఠం అవగానే, కారు కదలకముందే, కోచ్ చెప్పినవాటిలో ఒక్కటి మాత్రం నా మాటల్లో రాసుకుంటున్నాను. మొన్నటిది: ‘పైనుంచి తొందరపడకు’. రోజూ సాయంత్రం పెరట్లో పది నిమిషాలు, నెమ్మదిగా, బంతి లేకుండా తిప్పుతాను. బంతి కనబడిందా, చేతులు పాత అలవాటుకే పరుగెడతాయి. వారానికోసారి ఫోన్‌ను అదే చోట నిలిపి వీడియో తీస్తాను. చేస్తున్నాననుకున్నదీ చేసిందీ ఒకటి కాదని అప్పుడే తెలుస్తుంది, కాస్త సిగ్గుగానే.

పోయిన బుధవారం మొదటి బంతి చెరువు దాటింది. రెండోది దాటలేదు.