టిచ్ బటన్ నుండి బ్యాటరీ మూత వరకు

దర్జీ దుకాణములో కొంతసేపు కూర్చుని గమనించినచో రెండు భాషలవారూ ఒకే మాట వాడుట వినవచ్చును. ఉర్దూ మాట్లాడే దర్జీ అయినా, తెలుగు మాట్లాడే దర్జీ అయినా పసిపిల్లల అంగీకి, చేతిసంచి మూతికి కుట్టే ఆ చిన్న లోహపు బిళ్ళల జతను టిచ్ బటన్ అనియే అందురు. నొక్కగానే అది చేసే చప్పుడే దాని పేరై నిలిచినట్లున్నది. ఈ సంచిక ఉర్దూ విభాగములో వ్రాసినా ఆ మాట మార్చవలసిన పని మాకు ఉండెడిది కాదు.

ఆ చప్పుడులో ఒక శాస్త్రమున్నది. టిచ్ బటన్‌లో ఒక బిళ్ళకు చిన్న బొడిపె ఉండును. ఆ బొడిపె తల కొంచెము లావు, మెడ కొంచెము సన్నము. రెండవ బిళ్ళలోని రంధ్రమునకు ఇరుప్రక్కల సన్నని తీగ అమర్చబడి ఉండును. మనము నొక్కినపుడు లావుపాటి తల తీగను ప్రక్కకు నెట్టును. తల దాటిపోయి మెడ వచ్చినంతనే తీగ తన పూర్వస్థానమునకు చటుక్కున చేరును. వంగినపుడు తీగలో నిలువయైన శక్తి ఆ క్షణమున విడుదలై మన చెవికి చప్పుడుగా వినిపించును. 1885లో జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్ నగరవాసి హెరిబర్ట్ బవర్ ఇట్టి బటన్‌కు పేటెంటు పొందెను. మరుసటి సంవత్సరము ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో ఆల్బర్ట్ పియెర్ రేమండ్ దానిని మరియొక విధముగా రూపొందించెను. 1903లో హాన్స్ ప్రిమ్ 'ఎస్' ఆకారపు తీగను ప్రవేశపెట్టుటతో అది నేడు మనమెరిగిన రూపమునకు వచ్చినది.

రెండు వస్తువులను కలిపి ఉంచుటకు మానవుడు ఎన్నో ఉపాయములు పన్నినాడు. మేకు, జిగురు, వెల్డింగు కలుపునే గాని తిరిగి విడదీయవు. విడదీసినచో వస్తువో, బంధమో చెడును. మరచీల విడదీయనిచ్చును గాని దానికి స్క్రూడ్రైవరు వలెను. నొక్కితే బిగిసి, లాగితే ఊడి, మరల నొక్కితే మరల బిగిసేది మాత్రము ఒక్క ఈ కుటుంబమే. దీనికి పనిముట్టు మన వ్రేలే.

ఇక మేము దీనిని గురించి ఎందుకు వ్రాయవలసివచ్చినదో చెప్పుదుము. మా ప్రయోగశాలలోని మల్టీమీటర్లలో కొన్నింటికి బ్యాటరీ మూతలు ఊడిపోయినవి. మీటరు చక్కగా పనిచేయును, సూచించే విలువలో లోపము లేదు, కాని మూతకున్న చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగినందున బ్యాటరీ నిలువదు. రబ్బరు బ్యాండు చుట్టి, టేపు అతికించి కొంతకాలము గడిపితిమి. ప్రయోగము మధ్యలో బ్యాటరీ జారి, విద్యార్థి తీసిన రీడింగులన్నియు వృథా అయిన సందర్భములు కలవు. మీటర్లే మార్చవలెనను ప్రతిపాదన వచ్చినపుడు కమిటీ పెద్దలలో ఒకరు "ఒక మూత కోసము మీటరు కొనవలెనా?" అని ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయినది. మూత మనమే చేయుదమని కొందరు విద్యార్థులు ముందుకు వచ్చిరి.

మొదటి మూత మా అజ్ఞానమునకు గుర్తుగా ఇప్పటికిని మేజా సొరుగులో ఉన్నది. పాత నాలుక సన్నగా ఉండి విరిగినది గనుక క్రొత్తది పొట్టిగా, మందముగా ఉన్నచో గట్టిగా ఉండునని తలచితిమి. పొడవు 10 మి.మీ., మందము 2 మి.మీ., చివరనున్న కొక్కెము ఎత్తు 2 మి.మీ. త్రీడీ ప్రింటరుపై ముద్రించి మూత పెట్టినాము. టక్కుమని చప్పుడైనది, అందరమును సంతోషించితిమి. తీసి చూడగా ఆ చప్పుడు బిగిసినది కాదు, విరిగినది.

ఎందుకు విరిగినది? ఒక కొన గోడకు బిగించి, రెండవ కొన స్వేచ్ఛగా ఉన్న కమ్మీని భౌతికశాస్త్రమున కాంటిలివర్ అందురు. మూత నాలుక అట్టిదే. కొక్కెము గాడి అంచును దాటవలెనన్న నాలుక కొక్కెము ఎత్తు మేరకు వంగవలెను. వంగినపుడు మొదలు వద్ద ఒక ప్రక్క పదార్థము సాగును, రెండవ ప్రక్క కుదించుకొనును. ఆ సాగుదల నిష్పత్తినే వికృతి అందుము. మందము అంతటా సమానముగా ఉన్న నాలుకకు దాని లెక్క ఇది:

వికృతి = (3 × మందము × వంపు) ÷ (2 × పొడవు × పొడవు)

మా మొదటి మూతకు ఈ లెక్క వేయగా 12 ÷ 200, అనగా 6 శాతము వచ్చినది. పాలీకార్బొనేటు వంటి ఓర్పు గల ప్లాస్టిక్‌కు కూడ ఒక్కసారి వంచుటకు సుమారు 4 శాతమే మేలైన హద్దుగా చెప్పుదురు. పదే పదే వంచవలసియున్నచో అందులో దాదాపు 60 శాతము వరకే, అనగా 2.4 శాతము దరిదాపులకే పోవలెను. ఒక్కసారి బిగించి వదలివేయు బంధమునకును, నూరుసార్లు విప్పి బిగించు బంధమునకును గల అంతరమంతయు ఈ ఒక్క తగ్గింపులోనే ఉన్నది. మేము వాడిన పదార్థమేమో పాలీకార్బొనేటుకంటె పెళుసైనది. విరగకుండుటయే వింత!

లెక్కను మరల చూడుడు. పొడవు రెండుసార్లు హెచ్చవేయబడి క్రింద ఉన్నది. పొడవును 20 మి.మీ. చేసినచో, మిగిలినవేవియు మార్చకయే, వికృతి నాల్గవ వంతై 1.5 శాతమునకు దిగును. మందమును 1.5 మి.మీ.కు, కొక్కెమును 1.5 మి.మీ.కు తగ్గించినచో 0.84 శాతమునకు వచ్చును. పొడవై, సన్ననై, సులువుగా వంగేదే నిలుచునని, పొట్టిదై మొండిగా ఉండేదే విరుగునని లెక్క చెప్పుచున్నది. బుట్టలల్లేవారికి ఇది లెక్క లేకయే తెలియును. వారు వెదురును పలుచని బద్దలుగా చీల్చిన పిదపనే వంచుదురు గదా!

వెడల్పు విషయమున మరియొక పొరపాటు కలదు. నాలుకను వెడల్పు చేసినచో విరగదని మాలో కొందరు వాదించిరి. పై లెక్కలో వెడల్పు అను మాటయే లేదు. కొక్కెము ఎత్తు మారనంతవరకు వెడల్పు పెరిగినచో వ్రేలితో నొక్కవలసిన బలము పెరుగునే గాని వికృతి తగ్గదు. ఆ బలము వెడల్పుతో సమానముగా పెరుగును. మందముతోనో, ఘనముగా పెరుగును. మందము రెట్టింపైనచో బలము ఎనిమిది రెట్లు కావలెను. 20 మి.మీ. పొడవు, 1.5 మి.మీ. మందము, 6 మి.మీ. వెడల్పు గల మా రెండవ నాలుకను 1.5 మి.మీ. వంచుటకు, పదార్థపు యంగ్ గుణకము చదరపు మిల్లీమీటరుకు 2000 న్యూటన్లుగా తీసికొన్నచో, సుమారు 1.9 న్యూటన్ల బలము చాలును. అది 200 గ్రాముల బరువుకంటె తక్కువే.

అయితే మీటరు అడుగున 20 మి.మీ. నాలుకకు చోటెక్కడ? ఇక్కడ మాకు టీవీ రిమోటు గురువైనది. దాని మూత తీసి చూచినచో నాలుక తిన్నగా ఉండక ఆంగ్లాక్షరము 'యు' వలె క్రిందికి పోయి, వంగి, తిరిగి పైకి వచ్చును. తక్కువ చోటులో ఎక్కువ పొడవును ఇమిడ్చిన ఉపాయమది. మూత పలకలోనే రెండు చీలికలు కోసి వాటి మధ్య భాగమును నాలుకగా చేయుట మరియొక ఉపాయము. మేము రెండవదానిని ఎంచుకొంటిమి, ముద్రించుట తేలిక గనుక. ముద్రించునపుడు మూతను నిలువుగా గాక పరుండబెట్టవలెనని కూడ అనుభవముతోనే నేర్చితిమి. త్రీడీ ప్రింటరు వస్తువును పొరలు పొరలుగా పేర్చును. పొరలు నాలుక పొడవునా సాగినచో అది వెదురు బద్ద వలె వంగును. అడ్డముగా ఉన్నచో అట్టముక్కల దొంతర వలె పొర ఊడిపోవును. మొదటి మూత విరుగుటలో ఈ తప్పునకును వాటా కలదు.

ఇక మొదలు సంగతి. అసలు కంపెనీ మూతల నాలుకలు పొడవుగానే ఉన్నను ఎందుకు విరిగినవి? విరిగిన ముక్కలను భూతద్దముతో చూడగా అన్నియు ఒకేచోట, నాలుక పలకను కలిసే మూలలో విరిగినవి. ఆ మూల కత్తితో కోసినట్లు పదునుగా ఉన్నది. పదునైన లోపలి మూలలో ప్రతిబలము గుమిగూడును. పగులు అక్కడనే పుట్టును. మందములో సగమంత వ్యాసార్ధముతో ఆ మూలను గుండ్రము చేసినచో ఈ బాధ చాలవరకు తీరును. అచ్చులో ఈ గుండ్రము చేయుటకు అయ్యే ఖర్చు ఎంత స్వల్పమో తలచుకొన్నచో మాకు కొంత కోపమే వచ్చినది. మరియొక మెరుగు కూడ కలదు. నాలుక మందమును మొదలు నుండి చివరకు సగమగునట్లు క్రమముగా తగ్గించినచో, అదే వికృతికి 60 శాతమునకు పైగా అధికముగా వంగును.

కొక్కెమునకు రెండు ఏటవాళ్ళుండును: లోనికి పోవునపుడు తగిలేది ప్రవేశ కోణము, బయటికి వచ్చునపుడు తగిలేది నిర్గమ కోణము. ఘర్షణ గుణకము 0.3 అనుకొన్నచో, 30 డిగ్రీల ప్రవేశ కోణముతో మా మూత బిగియుటకు 2 న్యూటన్లు చాలును. నిర్గమ కోణము 45 డిగ్రీలైనచో తీయుటకు 3.5 న్యూటన్లు వలెను. పెట్టుట సులువు, ఊడుట కొంత కష్టము. మూతకు కావలసినది అదే గదా. కోణమును పెంచిన కొలది లాగవలసిన బలము వేగముగా పెరిగి, 73 డిగ్రీలు దాటిన పిదప ఎంత లాగినను కొక్కెము జారదు. నాలుకైనా విరగవలెను, గాడియైనా పగలవలెను. 90 డిగ్రీల కొక్కెము చెడ్డదని దీని అర్థము కాదు. బడిసంచి పట్టీకి ఉండే ప్లాస్టిక్ బకిలులో కొక్కెము ఇంచుమించు అట్టిదే. ఎంత బరువైనను మోయును. కాని దానికి రెండు ప్రక్కల నుండి వ్రేళ్ళతో నొక్కుటకు కిటికీలు విడిచినారు. కిటికీ లేని 90 డిగ్రీల కొక్కెము లోపలి నుండి వేసిన గడియ వంటిది.

నేటి వస్తువులలో అనేకము ఇట్టి గడియలతోనే వచ్చుచున్నవి. ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్టులో ఫోను బాగుచేయువారిని చూచినచో, వారి నేర్పులో మంచి భాగము తెరచుటలోనే ఉన్నదని తెలియును. పలుచని ప్లాస్టిక్ బద్దను సందులో దూర్చి, కొక్కెము ఎక్కడున్నదో చేతి స్పర్శతో కనుగొని, ఒక్కొక్కటిగా విడిపింతురు. కొక్కెములు విడిచి జిగురు పట్టించిన ఫోనులను వేడి చేయనిదే తెరువలేరు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల నిబంధనలో, చేతి వస్తువుల బ్యాటరీలను బజారులో దొరికే పనిముట్లతో వాడుకరియే తీసి మార్చుకొను వీలుండవలెనని వ్రాసిరి. అది వర్తించు తేదీ 2027 ఫిబ్రవరి 18. ఒక కొక్కెపు కోణము చట్టసభ దాకా పోయినదన్న మాట.

మా కంప్యూటరు గదిలోని నెట్‌వర్కు తీగలది మరియొక కథ. వాటి ప్లగ్గు పైనున్న నాలుక మాటిమాటికి విరుగును. బిగించునపుడు గాని, తీయునపుడు గాని కాదు. తీగను మేజాల సందు నుండి వెనుకకు లాగునపుడు నాలుక దేనికో తగులుకొని, వంగవలసిన దిక్కునకు గాక ఎదురు దిక్కునకు తిరుగబడును. రూపకర్త లెక్కించిన వంపునకు ఇది ఎన్నో రెట్లు. దీనికి మందు లెక్కలో లేదు. నాలుక తగులుకొనకుండ రబ్బరు తొడుగు వేయుటలో ఉన్నది. ఆ తొడుగు గల తీగలు కొంచెము ధర ఎక్కువైనను అవే కొనవలెనని కమిటీకి మా విన్నపము.

కాలము కూడ ఒక శత్రువే. వంచి ఉంచిన ప్లాస్టిక్ మెల్లమెల్లగా ఆ వంపునకే అలవాటు పడి, తిరిగి నిటారగు శక్తిని కోలుపోవును. ఎండకాలపు వేడిమిలో మరింత త్వరగా. కావున మూత బిగిసిన పిదప నాలుక మీద ఏ ఒత్తిడియు ఉండరాదు. దాటునపుడు వంగి, దాటిన పిదప విశ్రమించవలెను. దండెము మీది ప్లాస్టిక్ క్లిప్పులు ఒకటి రెండు వేసవులకే పటుక్కున విరుగుట అందరును చూచినదే. అక్కడ సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు పదార్థమునే పెళుసుబరచును.

ఇన్ని శత్రువులను జయించి నిలిచినవి లేవా అన్నచో, డెన్మార్కు దేశపు లెగో ఇటుకలు కలవు. పైన బొడిపెలు, లోపల గొట్టములు గల ఆ అమరికకు 1958 జనవరి 28న గాడ్‌ఫ్రెడ్ కిర్క్ క్రిస్టియాన్‌సెన్ పేటెంటు కోరెను. 1963 నుండి ఏబీఎస్ అను ప్లాస్టిక్‌తో చేయుచున్నారు. నాటి ఇటుక నేటి ఇటుకతో ఇప్పటికిని బిగియును. అందు కొక్కెము లేదు, నాలుక లేదు. బొడిపె కంటె చోటు వెంట్రుకవాసి ఇరుకు; రెండును కొద్దిగా ఒదిగి ఒకదానినొకటి పట్టుకొనును. వంపు అత్యల్పము గనుకనే ఆయువు అధికము. అయితే అంతటి కచ్చితపు కొలతలు మా ప్రింటరుకు అసాధ్యము, అందుచేత మేము నాలుకనే నమ్ముకొంటిమి.

నాలుగవ మూత కుదిరినది. మొదలు గుండ్రము చేసి, చివర సన్నము చేసి, మూత నిలువకుండ పోయినచో తెలియునట్లు నాలుకకు ఎరుపు రంగు పూసితిమి. విద్యార్థులు వంతులవారీగా పెట్టి తీసి పరీక్షించి, ఇప్పుడు తరగతిలో వాడుచున్నారు. మీటరు క్రింద పడినపుడు ఒకటి రెండుసార్లు మూత ఊడినందున నిర్గమ కోణమును 45 నుండి 55 డిగ్రీలకు మార్చితిమి. రెండు మీటర్లకు మాత్రము ఏ మూతయు నిలుచుట లేదు. వాటి గాడి అంచే అరిగిపోయినది. గాడిని బాగుచేయుట మూత చేయుటకంటె కష్టముగా ఉన్నది. రబ్బరు బ్యాండ్లు ప్రస్తుతము ఆ రెండింటి మీదనే ఉన్నవి.