చెరువు పక్షులకు తగిన దూరదర్శిని

హైదరాబాదు పాతనగరములోని సంతోష్‌నగర్‌కు తూర్పున సరూర్‌నగర్ చెరువు, పడమర మీర్ ఆలం చెరువు ఉన్నవి. చలికాలములో ఇట్టి చెరువుల బురద అంచులకు ఉత్తరాది శీతల దేశముల నుండి పిచ్చుకంత పక్షులు వచ్చి వాలును. వీనిలో లిటిల్ స్టింట్, టెమింక్స్ స్టింట్ అనునవి చూపునకు ఇంచుమించు ఒక్కతీరుగా నుండును. మొదటిదాని కాళ్లు నలుపు. రెండవదాని కాళ్లు పసుపు చాయ గలవి. (బురద అంటినచో రెండును నల్లగనే కనబడును, అది వేరు సంగతి.) 1931-32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానమున పక్షులను సర్వే చేసినప్పుడు కొన్నింటిని కాల్చి, చేతబట్టి పోల్చుకొనుట వాడుక. నేడు పక్షిని ముట్టకయే గుర్తించవలెను. జనవరిలో నీటిపక్షులను లెక్కించువారు కాలి రంగు పొరబడినచో లెక్కలో జాతియే మారిపోవును.

పక్షి 150 మీటర్ల దూరమున నున్నదనుకొందము. 8 రెట్ల బైనాక్యులర్‌లో అది సుమారు 19 మీటర్ల దూరమున నున్నట్లును, 30 రెట్ల స్పాటింగ్ స్కోపులో 5 మీటర్ల దూరమున నున్నట్లును కనబడును. అట్లయిన 100 రెట్లది ఇంకను మేలు కదా అని బజారులో చాలమంది మోసపోవుదురు.

ముందు కటకపు వ్యాసమును రెట్ల సంఖ్యతో భాగించి చూడుడు. 60 మి.మీ. కటకము 20 రెట్ల వద్ద కంటికి 3 మి.మీ. వెడల్పు గల కాంతి కిరణపుంజము నిచ్చును. పట్టపగలు మన కనుపాప కూడ 2, 3 మి.మీ. మాత్రమే తెరచుకొనును గనుక ఇది చాలును. 50 మి.మీ. కటకముతో 100 రెట్లు చేసినచో పుంజము అర మి.మీ.కు కుదించుకొని పోవును. పక్షి పెద్దదగును గాని మసకబారును, రంగు తేలదు. 60 రెట్ల వరకు పెంచగల జూమ్ అక్షికటకములు ఉన్నను, చౌకవానిలో 30, 40 దాటిన తరువాత పనికివచ్చునది తక్కువ.

డబ్బు పెట్టవలసినది గాజుపై. పూత లేని గాజుతలము ఒక్కొక్కటి తనపై బడిన కాంతిలో సుమారు నూటికి 4 వంతులు వెనుకకు త్రిప్పివేయును. స్కోపులో కటకములు, పట్టకములు కలిసి పది తలములున్నచో మూడవ వంతు వెలుగు దారిలోనే పోయినట్లు! దుకాణములో ముందు కటకమున దీపపు ప్రతిబింబము చూడుడు. అది తెల్లగా మెరసినచో పూత లేదు; లేత ఆకుపచ్చగానో ఊదాగానో మందముగా నున్నచో పూత ఉన్నది.

తరువాత వాకిట నిలిచి, ఆకాశము ఎదుట కనబడు కరెంటు తీగను చూడవలెను. తీగ అంచున ఊదా లేక పసుపు గీత దృశ్యము నడుమనే స్పష్టముగా కనబడినచో ఆ స్కోపు వలదు. ఒక్కొక్క రంగును కటకము ఒక్కొక్క దూరమున కేంద్రీకరించుటచే కలుగు దోషమిది. స్టింట్ కాళ్ల వంటి సన్నని వస్తువులకు లేని పసుపును ఇదియే అంటగట్టును. ఇ.డి. గాజు ఈ దోషమును తగ్గించును గాని వెల ఎక్కువ. అది అందనివారు పెద్ద జూమ్ కంటె 20, 25 రెట్ల స్థిరమైన అక్షికటకము కొనుట మంచిది. కళ్లద్దాలు గలవారు వానిని తీయకయే దృశ్యమంతయు కనబడుచున్నదా అని చూచుకొనవలెను.

మిగిలిన ఖర్చు ట్రైపాడ్‌ది. 30 రెట్ల స్కోపు చేతి వణుకును కూడ 30 రెట్లు చేయును. తేలికపాటి ట్రైపాడ్ గాలికి ఊగును; నడిమి కొక్కెమునకు సంచి తగిలించినచో కొంత కుదురును.

ఎండ ముదిరినప్పుడు బురదపై వేడిగాలి కదలును, పక్షి నీటిలోని నీడవలె వణకును. దీనికి ఏ కటకమును మందు కాదు. ఉదయముననే తూర్పు గట్టు చేరినచో ఎండ వెనుక నుండును.

పాత స్కోపు దొరికినచో చౌకయే. కాని వెలుతురుకు ఎత్తి లోపలికి చూచి, కటకముపై సాలెగూటి వంటి బూజు కనబడినచో ఎంత తగ్గించినను తిరిగి ఇచ్చివేయవలెను.