జింక్ ఫాస్ఫేట్

కారు రేకు మీద రంగు గట్టిగా నిలవడానికి కారణం దాని కింద కనిపించని సన్నటి బూడిదరంగు పొర. చాలావరకు అది జింక్ ఫాస్ఫేటే: మూడు జింక్ అయాన్లకు రెండు ఫాస్ఫేట్ అయాన్లు. జింక్, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణంలో ఉక్కును ముంచితే ఆమ్లం ఇనుమును కొద్దిగా కరిగిస్తుంది. దాంతో ఉపరితలం దగ్గర ఆమ్లత పడిపోతుంది. నీటిలో దాదాపు కరగని జింక్ ఫాస్ఫేట్ అక్కడే స్ఫటికాలుగా పేరుకుంటుంది. లోహాన్ని తినే ఆమ్లంతోనే లోహానికి కవచం తొడగడం, నిజంగా ఎంత అందమైన రసాయనం!

దంతవైద్యంలో క్రౌన్లు అతికించే పాత సిమెంటూ ఇదే. జింక్ ఆక్సైడ్ పొడి, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిస్తే వేడి పుడుతుంది, మిశ్రమం త్వరగా బిగుస్తుంది. అందుకే చల్లని గాజు పలక మీద కొద్దికొద్దిగా కలుపుతారు. ప్రకృతిలో నాలుగు నీటి అణువులతో ఇది హోపైట్ ఖనిజంగా దొరుకుతుంది. విషపూరితమైన సీసం, క్రోమేట్ ప్రైమర్లకు బదులుగా ఇప్పుడు పెయింట్లలోనూ వాడుతున్నారు.